మంత్రి గారూ, మొదటి ఇంటి స్టాంపు డ్యూటీలో ఆ ఒకటిన్నర శాతం తగ్గించండి

తెలంగాణ రెవెన్యూ, గృహనిర్మాణ శాఖల మంత్రి గారికి,

నమస్కారం సార్. కరోనా దెబ్బ తర్వాత హైదరాబాద్ రియల్ ఎస్టేట్ ఎంత బాగా లేచిందో ప్రతి ప్రాపర్టీ షోలో మైకు పెట్టి చెప్తున్నారు. కోకాపేట టవర్ల వైపు చూస్తే నిజమే. కానీ మియాపూర్, నిజాంపేట, ఉప్పల్‌లో అద్దెకుంటూ మొదటి ఇంటి కోసం లెక్కలేసుకునే మాకు ఆ లేవడం వల్ల ధర పెరిగింది తప్ప ఇల్లు దగ్గర కాలేదు.

2020 మే నెలలో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతానికి దించింది, ఇంటి లోన్లు చవకయ్యాయి. అప్పుడే కొనాల్సింది అని ఇప్పుడు అందరూ సలహా ఇస్తారు. జీతాల్లో కోతలు పడి, ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని రోజుల్లో ఇరవై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకునేదెవరండీ? తీరా కాస్త కుదురుకుని ధైర్యం చేద్దామనుకునే టైముకి, సెకండ్ వేవ్ ఇంకా సరిగా మర్చిపోక ముందే, 2021 జూలైలో అప్పటి ప్రభుత్వం రిజిస్ట్రేషన్ లెక్కకి వాడే మార్కెట్ విలువలు పెంచి, స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తాన్ని 6 శాతం నుంచి 7.5కి తీసుకెళ్లింది. అది మీరు చేసింది కాదు, నిజమే. మీరొచ్చాక తగ్గించిందీ లేదు. అదే కష్టకాలంలో మహారాష్ట్ర 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా స్టాంపు డ్యూటీని 5 నుంచి 2 శాతానికి తగ్గించింది, ఆ తర్వాత మార్చి దాకా 3 శాతమే తీసుకుంది. ముంబైలో జనం రిజిస్ట్రేషన్లకి ఎగబడ్డారు.

ఒక లెక్క చూడండి. 60 లక్షల రెడీ ఫ్లాట్. ఈ స్థాయి లోన్లకి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వొద్దని రిజర్వ్ బ్యాంక్ నిబంధన, అంటే 48 లక్షలు. 12 లక్షలు మనం పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్‌కి ఇంకో నాలుగున్నర లక్షలు, దాన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. ఇంకా కడుతున్న ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం. ఈఎంఐకి మేం భయపడట్లేదు సార్, అద్దె ఎలాగూ కడుతున్నాం, ఒకేసారి పదహారున్నర లక్షలు చేతిలో ఉండాలంటేనే ఇంట్లో బంగారం తాకట్టుకి వెళ్తోంది. వడ్డీ రేట్లు తగ్గినా ఈ ముడి మాత్రం విడిపోదు.

అందరికీ తగ్గించమనట్లేదు. రెండు కోట్ల విల్లా కొనేవాళ్లు 7.5 కట్టగలరు, కట్టనివ్వండి. వేరే ఇల్లు లేని కుటుంబం కొనే మొదటి ఇంటికి, ఒక ధర దాకా, స్టాంపు డ్యూటీని 5.5 నుంచి పాత 4 శాతానికి తెండి. స్థానిక సంస్థలకెళ్లే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ జోలికి పోనక్కర్లేదు. మా 60 లక్షల ఫ్లాటు మీద 90 వేలు మిగులుతాయి. అబద్ధం చెప్పి రాయితీ తీసుకున్నవాళ్ల దగ్గర రెట్టింపు వసూలు చేయండి.

రెవెన్యూ, హౌసింగ్ రెండూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఫైలు ఇంకో శాఖకి పంపామని చెప్పే అవకాశం కూడా లేదు. వచ్చే బడ్జెట్ లోపు జీవో ఇస్తారా? కుదరదంటే ఖజానాకి ఎంత నష్టమో లెక్క బయటపెట్టి చెప్పండి, వింటాం.

ఇట్లు,
నిజాంపేటలో అద్దెకుంటున్న ఒక ఓటరు