రైలు వదిలేసిన కట్టల్ని నడిచేవాళ్లకు ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. తిరుపతి–పాకాల–కాట్పాడి రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. 104 కిలోమీటర్లకు 1,332 కోట్ల రూపాయల పని. ఆ వార్త వచ్చినప్పటి నుంచి మా పాకాల వైపు ఎవరిని కదిలించినా మాకు ఎంత భూమి పోతుంది, రైళ్లు ఎన్ని పెరుగుతాయి అనే మాటలే. అవి అడగాల్సినవే. ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. పాత మీటర్ గేజి (మీటరు వెడల్పు పట్టాల) నాటి కట్టల్లో, అంటే పట్టాల కింద ఎత్తుగా పోసిన మట్టి గట్లలో మిగిలినవాటిని, ఇప్పుడు వంపులు సరిచేస్తే పక్కన పడిపోయే ముక్కల్ని ఏం చేయబోతున్నారు? వాటిని లెక్క తేల్చి, నడకకు, సైకిళ్లకు దారులుగా తెరవాలని నా విన్నపం.

ఈ లైను 1890ల మొదట్లో సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వేసిన మీటర్ గేజి. పాకాల నుంచి పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరం పోయే 227 కిలోమీటర్ల లైనూ ఆ కాలానిదే. 1992లో లైన్లన్నిటినీ ఒకే వెడల్పుకు తెచ్చే యూనిగేజి పథకం మొదలయ్యాక రెండూ బ్రాడ్ గేజికి మారాయి. మీటరు వెడల్పు పట్టాల మీద చిన్న బండి సులువుగా తిరిగే వంపుల్లో 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి బండి వేగంగా తిరగలేదు. అలాంటి వంపు దగ్గర కొత్త కట్ట పోసి లైనును తిన్నగా తీస్తారు. పాత పట్టాలు, స్లీపర్లు ఎత్తుకుపోతారు. కట్టను ఎత్తుకుపోలేరు కాబట్టి అది అక్కడే ఉండిపోతుంది.

మా ఊరి పొలిమేరలో అలాంటి ముక్క ఒకటి ఉంది. చెక్కిన రాళ్లతో కట్టిన కల్వర్టు ఇంకా చెక్కుచెదరలేదు. దాని మీద ఎవరిదో వరిగడ్డి వామి. కంకర ఎప్పుడో మాయమై ఇళ్ల పునాదుల్లోకి చేరింది. సగం దూరం సర్కారు తుమ్మ కమ్మేసింది. ఆ పైన జేసీబీ వచ్చి రాత్రికి రాత్రి కట్టను తవ్వి ట్రాక్టర్లకెత్తింది, తెల్లారేసరికి అక్కడ నిలువెత్తు గొయ్యి. ఒక ఆఫీసుకు వెళ్తే అది రైల్వే స్థలం, మాకు సంబంధం లేదన్నారు. ఇంకో ఆఫీసులో ఫిర్యాదు రాతపూర్వకంగా కావాలన్నారు, ఇస్తే ఎవరో సెలవులో ఉన్నారు. అయినా మిగిలిన కట్ట మీద మనుషులు నడుస్తూనే ఉన్నారు. "వానొస్తే మాకు ఇదేమ్మా దారి, కింద అంతా బురదే" అని గొర్రెలు తోలుకొచ్చే పెద్దాయన అన్నాడు.

రైలుకు ఎక్కుడు పడదు. నూరు మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరిగినా ఇంజను బరువెక్కుతుంది. అందుకే ఆ రోజుల్లో గుట్టను కోసి, పల్లం పూడ్చి, వాగుల మీద వంతెనలు కట్టి కట్టను చదునుగా లాక్కొచ్చారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు, సైకిల్ నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి దారి ఈనాటి కాంట్రాక్టరు వేసివ్వగలడా? కష్టమైన పని మన తాతల కాలంలోనే అయిపోయింది. కూలీలు గంపలతో మట్టి మోసి చేసిన పని అది, ట్రాక్టరు లెక్కన అమ్ముకోవడానికి కాదు.

నడకదారి అనగానే పట్నంలో షోకు కోసం అడుగుతున్నారనుకుంటారు. మన జిల్లాల్లో సంగతి వేరు. పెరటాసి నెల (సెప్టెంబరు–అక్టోబరు) వచ్చిందంటే వేలూరు వైపు నుంచి, చిత్తూరు పల్లెల నుంచి పసుపు బట్టలు కట్టుకుని గోవింద నామాలతో గుంపులు గుంపులుగా కొండకు నడిచిపోతారు. పగలు ఎండకు తాళలేక రాత్రిళ్లు నడుస్తారు. ఎక్కడ? లారీలు, టూరిస్టు బస్సులు దూసుకుపోయే హైవే అంచున. టార్చిలైటు ఒకరి చేతిలో ఉంటే వెనక పదిమంది చీకట్లోనే. నిద్రమత్తులో ఉన్న డ్రైవరుకు ఆ ఒక్క లైటు కనబడుతుందో లేదో అని ప్రతి ఏడాదీ టెన్షనే. అలిపిరిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కగలిగిన మనిషికి మెట్ల దాకా చేరడమే గండం కావడం ఏం న్యాయం? చిత్తూరు, పూతలపట్టు, పాకాల, పనపాకం, చంద్రగిరి మీదుగా వచ్చే ఈ రైలు మార్గం కూడా వాళ్లు నడిచే దిక్కునే పోతుంది. మిగిలిన ముక్కలు మొత్తం దూరానికి సరిపోవు, నిజమే. ఉన్నంత మేర వాళ్లు హైవే దిగి నడుస్తారు. రెండో లైను కోసం ఎలాగూ భూమి తీసుకుంటున్నారు కాబట్టి వీలున్నచోట కంచెకు బయట మూడు మీటర్ల పట్టీ వదిలితే ముక్కకూ ముక్కకూ అతుకు దొరుకుతుంది.

ఇప్పుడు తెల్లవారుజామున చాలామంది పట్టాల వెంబడే నడుస్తున్నారు, కొందరు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మరీ. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడొచ్చు. వద్దని బోర్డు పెట్టడం తేలిక. ఎక్కడ నడవాలో కూడా ఒక బోర్డు పెట్టాలి కదా.

రేపు రైల్వేకు ఆ స్థలం మళ్లీ కావాల్సి వస్తే ఎలా అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికా దీనికి 1983లోనే చట్టంలో దారి చూపింది. రైళ్లు ఆగిపోయిన మార్గాన్ని ముక్కలుగా అమ్మేయకుండా, ప్రస్తుతానికి నడకదారిగా వాడుకుని, అవసరమైతే మళ్లీ పట్టాలు వేసుకోవచ్చని. స్థలం చెదిరిపోకుండా ఉండటమే అందులోని లాభం. మనవాళ్లు తరచూ వెళ్లొచ్చే సింగపూర్‌లో మలేసియా రైల్వే నడిపిన లైను 2011లో ఆగిపోయింది. అంత ఖరీదైన నేల ఉన్న దేశం దాదాపు 24 కిలోమీటర్ల ఆ మార్గాన్ని జనం నడకకు ఉంచుకుంది. పాత ఇనుప వంతెనలను, బుకిట్ తిమా స్టేషన్‌ను అలాగే కాపాడింది. మనం అంత చేయనక్కర్లేదు. పేరు రైల్వేదే ఉండనీయండి, చుట్టూ హద్దురాళ్లు పాతి పంచాయతీకో మున్సిపాలిటీకో ఒప్పందం మీద అప్పగించండి. జనం తిరిగే చోట జేసీబీ రాత్రిపూట దిగదు.

రైల్వే ఖాళీ స్థలాలతో ఆదాయం తెచ్చేందుకు రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ ఉంది. స్టేషన్ పక్క స్థలానికి బేరం వస్తుంది, రానీయండి. దామలచెరువు అవతల మామిడి తోటల మధ్య పది మీటర్ల వెడల్పు కట్టకు ఏ షాపింగ్ కాంప్లెక్స్ వాడు టెండరు వేస్తాడు?

తోటల మాట వచ్చింది కాబట్టి, రైతుల అభ్యంతరం కూడా విన్నాను. దారి తెరిస్తే సీజన్లో కాయలు పోతాయని. తోట ఉన్న వైపు ముళ్లకంచె, రాత్రి గేటు ఉండాలి, అది ఖర్చులో కలపాల్సిందే. 2025లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక రైతు నాతో, "ఎత్తుకుపోతే పోనీలేమ్మా, కోత కూలి మిగుల్తుంది" అన్నాడు.

దారి ఎలా ఉండాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. టైల్స్ వద్దు, సెల్ఫీ పాయింటు వద్దు, 'ఐ లవ్' అని గుండె బొమ్మతో పెట్టే బోర్డు అసలే వద్దు. తుమ్మ కొట్టి, కట్ట సరిచేసి, క్రషర్ డస్ట్ పరిచి రోలర్ తిప్పితే చాలు. మే నెలలో మన ఎండకు సిమెంటు దారి మీద ఎవరూ నడవలేరు. రెండు వైపులా కానుగ, వేప, నేరేడు వేసి, మొదటి రెండేళ్లు నీళ్లు పోసేవాళ్లకు జీతం ఇవ్వాలి. మొక్కలు నాటిన రోజు ఫొటోలు చాలా చూశాం, రెండో ఏడాది ఫొటోలు కనబడవు. బైకులు దూరకుండా మొదట్లో రాళ్లు పాతాలి, చక్రాల కుర్చీ పట్టేంత సందు ఉంచి. ఊరి దగ్గర సోలార్ లైట్లు, కుళాయి, మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు రారు. ఆడవాళ్లు రాని దారి నాలుగు నెలల్లో పేకాట రాయుళ్లదవుతుంది.

రెండో లైను పనులు ముదరకముందే గుంతకల్లు డివిజన్ ఇంజనీర్లు, తిరుపతి, చిత్తూరు కలెక్టర్ల మనుషులు కలిసి ఒకసారి ఈ లైను వెంట నడిచి, పాత కట్టలు ఎక్కడెక్కడ ఎంత మిగిలాయో ఊరి పేరుతో సహా ప్రకటించాలి. భూసేకరణకు ఊళ్లలో సభలు పెడితే తీసుకునే భూమితో పాటు వదిలేసే ముక్కల్ని కూడా మ్యాపులో వేరే రంగులో చూపించమని మన సర్పంచులు పట్టుబట్టాలి. చంద్రగిరి చుట్టుపక్కల ఒక్క ముక్క దొరికినా అక్కడే మొదలుపెట్టొచ్చు. శ్రీవారి మెట్టుకు పోయేవాళ్లు ఆ వైపు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాకాల, తిరుపతి జిల్లా