అత్తయ్య సంవత్సరీకం గురించి

కుటుంబ సభ్యులందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం అత్తయ్య సంవత్సరీకం వెస్ట్ మాంబళంలోని ఇంట్లోనే జరుగుతుంది కనుక, చెన్నైలో ఉన్నవారంతా ఉదయం తొమ్మిదింటికల్లా రావలసిందిగా మనవి.

మనలో చాలామందిని బారసాలనాడు మేనత్త హోదాలో ఉయ్యాలలో వేసింది ఆమే. 2015 డిసెంబరులో అడయారు పొంగి సైదాపేట మునిగినప్పుడు, బాబాయిగారి కుటుంబంతోపాటు వారి పక్కింటివారిని కూడా మేడ మీది తన రెండు గదుల్లోకి తెచ్చుకుని, కరెంటు లేని ఆ మూడు రోజులూ అందరికీ వేడివేడి అన్నంలో ఆవకాయ కలిపి ముద్దలు పెట్టింది. ఆ జాడీకి వాసెన కట్టిన పాత చీరముక్కను ఆమె తప్ప ఎవరూ విప్పకూడదు; తడిచెయ్యి పెట్టానని నాతో వారం రోజులు మాట్లాడలేదు (తప్పు నాదే).

నెల్లూరు పొలం పంపకాల్లో మాట పట్టింపులు వచ్చి నాన్నగారూ బాబాయిగారూ ఏడాదిపాటు ఎడమొహం పెడమొహంగా ఉన్నప్పుడు, పండగనాడు ఇద్దరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి, పొలం ఊసెత్తకుండా వడ్డించింది. రెండోసారి పప్పు అడిగింది బాబాయిగారు; గిన్నె అందించింది నాన్నగారు.

ఆ జాడీ ప్రస్తుతం నా దగ్గర ఉంది. ఎవరింటికి వెళ్లాలో ఆదివారం పెద్దలు నిర్ణయించగలరు.