పికప్ వాహనాల యజమానులు, డ్రైవర్ల సంఘం, విజయవాడ: 2024-25 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం. నియమావళి ప్రకారం ఏడాది పనుల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ వైపు ఉండే మన సభ్యుల బళ్లు ఇళ్ల ముందే నీళ్లలో ఉండిపోయాయి. బళ్లు బాగున్న సభ్యులు ఆ రోజుల్లోనే తాగునీళ్లు, పాలు, భోజనం పొట్లాలు మోశారు. ఒక్కరూ కిరాయి అడగలేదు. వాళ్లకు, అప్పు మీద డీజిల్ పోసిన బంకు యజమానికి, వంటలు చేసి పంపిన మన ఇళ్లలోని ఆడవాళ్లకు సంఘం తరఫున చేతులెత్తి దండం పెడుతున్నాను. దసరా ఆయుధపూజ ఈసారి మేళతాళాలు లేకుండా చేసుకున్నాం. ఆ డబ్బు ఇంజిన్ విప్పించుకోవాల్సి వచ్చిన సభ్యులకు ఇచ్చాం. డ్రైవర్ల కంటి పరీక్షలు ఎప్పటిలాగే జరిగాయి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆటోనగర్‌లో పెట్టిన బళ్ల పరీక్ష శిబిరం. వరద తర్వాత ఆఫీసుకు వచ్చిన ప్రతివాడిదీ ఒకటే మాట: "ఎక్స్‌లేటర్ తొక్కగానే బండి కొట్టుకుంటోంది." గ్యారేజీకి పోతే ముందు ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చమంటున్నారు. అప్పు చేసి మార్పించినా వణుకు పోవడం లేదు. బొలెరో పికప్ ఉన్న ఒక సభ్యుడికి ఇదే జరిగింది. లోడుతో వారధి దిగి, కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా గొల్లపూడి వెళ్లేటప్పుడు బండి ఊగిపోతోందని ఇంజెక్టర్లు మార్పించాడు. మళ్లీ అదే ఊపు.

శిబిరంలో మన పెద్ద మేస్త్రీ గారు ఆ బండి బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ పక్కన కూర్చుని, ఒకే స్పీడులో మూడో గేరులో, నాలుగో గేరులో నడిపించి చూశారు. గేరు మారితే ఇంజిన్ తిరిగే వేగం మారుతుంది, బండి వేగం మారదు. రెండింటిలోనూ వణుకు ఒకే స్పీడులో వచ్చింది. అంటే లోపం ఇంజిన్‌లో లేదు, గేరుబాక్సు వెనక తిరిగే భాగాల్లో ఉంది. బండి కిందకు దూరి చూస్తే, గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగి వేలాడుతోంది. ఇంజెక్టర్లకు పెట్టిన ఖర్చులో అదెంత! అక్కడున్న సభ్యులంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి నేను అందరికీ చెబుతున్నది ఇదే: వణుకు ఎప్పుడు వస్తోందో తేలకుండా ఏ సామానూ కొనొద్దు.

రాలేకపోయిన సభ్యుల కోసం ఆయన చూపించిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. బండి కదిలే క్షణంలో, హాఫ్ క్లచ్‌లోనే (క్లచ్ సగం వదిలినప్పుడే) కొట్టుకుని తర్వాత సర్దుకుంటే క్లచ్ ప్లేటు చూడాలి. ఇంజిన్ వెనక సీలు నుంచి ఆయిల్ కారి ప్లేటుకు అంటినా ఇలాగే ఉంటుంది, కాబట్టి సీలు మార్చకుండా ప్లేటు ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. ఖాళీ బండి బాగుండి, లోడు మీద బయలుదేరేటప్పుడే ఊగితే షాఫ్ట్ క్రాసులను (షాఫ్ట్ చివర్ల మడత కీళ్లను), సెంటర్ బేరింగ్‌ను కూడా అనుమానించాలి. న్యూట్రల్‌లో నిలబెట్టి రేజ్ చేసినా వణికితే ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మలు) పోయినట్టు, లేకపోతే ఏదో ఒక సిలిండర్ మిస్సింగ్, అంటే సరిగా మండడం లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే జర్కులిచ్చి బండి లాగుడు తగ్గిపోతే డీజిల్ సరిగా అందడం లేదని అర్థం. నల్ల పొగ కూడా వస్తుంటే టర్బో హోసులు (ఇంజిన్‌కు గాలి పంపే పైపులు), ఎయిర్ ఫిల్టర్ చూడాలి.

వరదలో నిలిచిన బళ్లలో ఎక్కువగా బయటపడింది డీజిల్‌లో నీరు. డీజిల్ ఫిల్టర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి కాసేపు వదిలేస్తే నీరు కిందకు దిగుతుంది. అలా కనిపిస్తే ట్యాంకు దించి కడిగించాల్సిందే. ఫిల్టర్ ఒక్కటే మార్చి రోడ్డెక్కితే ఆ నీళ్లు పంపును, ఇంజెక్టర్లను తినేస్తాయి. ఇంజెక్టర్ మీదే అనుమానం ఉంటే రిటర్న్ పైపులను (ఇంజెక్టర్ల నుంచి మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చేవాటిని) విడివిడి సీసాల్లో పెట్టి ఇంజిన్ నడిపి చూడాలి. మిగతావాటికన్నా బాగా ఎక్కువ డీజిల్ వెనక్కి వదిలేది అరిగినట్టు. ఒకటి పోతే నాలుగూ మార్చనక్కర్లేదు. సీఎన్‌జీ బళ్లవాళ్లు ముందు ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్లు చూపించుకోండి.

కుర్ర మెకానిక్కులకు ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పాత బళ్లలో ఇంజిన్ నడుస్తుండగా నాజిల్‌కు (ఇంజెక్టర్‌కు) డీజిల్ తెచ్చే పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనిపెట్టేవాళ్లు. కామన్ రైల్ ఇంజిన్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కొత్త రకంలో, ఆ పని చేయొద్దు. అందులో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఆ చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరితే చెయ్యే తీసేయాల్సి రావచ్చు. స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) పెట్టి చూడండి. స్కానర్ లేకపోతే ఉన్నవాళ్ల దగ్గరకు పంపండి.

ఇంత మంచి పనికి మనవాళ్లే రాకపోవడం నాకు బాధగా ఉంది. పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది ఆ రోజు ఫోన్లే ఎత్తలేదు. బళ్ల వరుస రోడ్డు దాకా వస్తే అధ్యక్షులు గారే ఎండలో నిలబడి సర్దారు. కల్తీ డీజిల్ గురించి, సర్వీసు రోడ్డు గుంతల గురించి అర్జీలిచ్చాం, శిబిరానికి అధికారులను స్వయంగా వెళ్లి పిలిచాం. వస్తామన్నారు, రాలేదు. అర్జీలకు జవాబూ లేదు. మళ్లీ ఇస్తాం.

జమాఖర్చుల పట్టిక కుర్చీల మీద పెట్టాం, ఆడిటర్ గారి సంతకం ఉంది. శిబిరం ఖర్చు విరాళాల్లోనే సరిపోయింది. మిగతాది కోశాధికారి గారు చదువుతారు.

షెడ్డు ఇచ్చి ఆ రోజు తన పని మానుకున్న మేస్త్రీ గారికి, ఆయన శిష్యులకు, స్కానర్ తెచ్చిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి, మజ్జిగ పంచిన టీ కొట్టు అక్కకు, బ్యానర్ ఉచితంగా వేసిన ప్రెస్సు వారికి కృతజ్ఞతలు. వచ్చే శిబిరం వానాకాలానికి ముందే పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. పనిచేసేవాళ్లు మాత్రమే ఈ రోజు భోజనాలకు లేవకముందు నా దగ్గరున్న పుస్తకంలో పేరు, బండి నంబరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి