మచ్చలొచ్చినంత మాత్రాన కార్డు పోయినట్టు కాదు

విజయనగరం

ఒరే బావా,

ఏట్రా, ఆట మధ్యలో తెరంతా ఊదా చుక్కలు తేలేసరికి, తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు పోయిందని తేల్చేసి, కొత్తదానికి రేట్లు కనుక్కుంటున్నావట? కాస్త ఆగు. ఆ మచ్చలు కేబుల్లో పుట్టొచ్చు, మానిటర్లో పుట్టొచ్చు, కార్డుని విండోస్ నడిపించే సాఫ్ట్‌వేరైన డ్రైవర్లోనో కార్డు మెమరీలోనో పుట్టొచ్చు. ఎక్కడ పుట్టాయో తెలిసేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోకు, డబ్బూ తియ్యకు.

ముందు పైసా ఖర్చులేని పరీక్ష. ఆటని బోర్డర్‌లెస్ విండోలో పెట్టుకుని, మచ్చలు కనబడుతున్నప్పుడే విండోస్, ప్రింట్ స్క్రీన్ మీటలు కలిపి నొక్కు. ఆ స్క్రీన్‌షాట్‌ని అదే మానిటర్లో చూసి లాభం లేదు, ఫోనుకి పంపుకుని చూడు. ఫోనులో బొమ్మ శుభ్రంగా ఉందంటే కార్డు బొమ్మని సరిగానే గీసింది, గోలంతా కార్డు పోర్టు నుంచి తెర దాకా ఎక్కడో ఉంది. కేబుల్ మార్చు, వేరే పోర్టులో పెట్టు, తెర సెకనుకి ఎన్నిసార్లు మారాలో చెప్పే రిఫ్రెష్ రేటుని 144 హెర్ట్జ్ నుంచి 60కి దించు. మచ్చలు తెల్ల మినుకుల్లా ఉండి 60లో ఆగిపోతే అంత డేటాని ఆ కేబుల్ మొయ్యలేకపోతోందన్నమాట. చుక్కలేం లేకుండా వెలుగు మాత్రం ఎగుడుదిగుడుగా ఊగుతుంటే ఫ్రీసింక్ (కార్డు వేగానికి తగ్గట్టు తెర వేగాన్ని మార్చే సెట్టింగు) ఆపి చూడు. వీఏ రకం తెరల్లో, సెకనుకి వచ్చే ఫ్రేములు పడిపోయినప్పుడు అలా అవుతుంటుంది.

స్క్రీన్‌షాట్‌లో కూడా మచ్చలుంటే రీస్టార్ట్ చేసి, విండోస్‌కన్నా ముందొచ్చే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్లి ఓ పది నిమిషాలు అలాగే వదిలెయ్. అక్కడికి విండోస్ డ్రైవర్ రాదు. అక్కడే గళ్లూ గీతలూ కనబడితే రోగం హార్డ్‌వేర్‌దే. అక్కడ బాగుంది కదా అని కార్డుకి కితాబిచ్చెయ్యకు, బయోస్‌లో దానిమీద బరువేం ఉండదు.

ఒక్క ఆటలోనే వస్తుంటే కార్డుని అనుమానించే ముందు స్టీమ్‌లో ఆ ఆట ప్రాపర్టీస్ తెరిచి, ఫైళ్లు వెరిఫై చేయించు. అన్ని ఆటల్లోనూ వస్తుంటే డ్రైవర్ సంగతి చూడు. కొత్తదాన్ని పాతదాని మీదే ఎక్కించకు. కొత్త డ్రైవర్ దించిపెట్టుకుని, నెట్ కేబుల్ పీకేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తుడిచే ప్రోగ్రామ్‌తో పాతది పూర్తిగా తుడిచి, అప్పుడు ఎక్కించు. నెట్ పీకమన్నది ఎందుకంటే, నువ్వు ఎక్కించేలోపే విండోస్ తన దగ్గరున్న డ్రైవర్ని తెచ్చి పెట్టేస్తుంది. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్లో సిస్టమ్ లాగ్ కూడా తెరిచి 4101 నంబరు ఉందేమో చూడు. కార్డు రెండు సెకన్లపాటు పలక్కపోతే విండోస్ డ్రైవర్ని మళ్లీ లేపుతుంది, ఆ లేపినప్పుడు రాసేదే ఆ నంబరు.

ఇప్పుడు వేడి సంగతి. మన ఎండల్లో గదే 38 డిగ్రీలుంటే కార్డు చల్లగా ఎక్కడుంటుంది? వేడి చూపించే ప్రోగ్రామ్ హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరిచి పెట్టి అరగంట ఆడు. ఒక్క కోర్ (కార్డు చిప్) వేడి చూసి సరిపెట్టుకోకు, చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటైన హాట్‌స్పాట్ కూడా చూడు. రెండింటికీ మధ్య పది పదిహేను డిగ్రీల తేడా సహజం. ముప్పై దాటిందంటే చిప్‌కీ, దాని వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయో, పక్కలకి జరిగిపోయో ఉంటుంది. కోర్ చల్లగానే ఉండి మెమరీ మాత్రం మండిపోతుంటే తప్పు మెమరీ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే థర్మల్ ప్యాడ్లది. ప్యాడ్లు మార్చేటప్పుడు అందరూ మందం దగ్గరే దెబ్బతింటారు. 1 మిల్లీమీటరు ఉండాల్సినచోట 1.5 పెడితే హీట్‌సింక్ ఎత్తయిపోయి చిప్‌కి ఆనదు. పల్చగా పెడితే మెమరీకి తగలదు. తీసిన ప్రతి ప్యాడ్ మందం కొలిచి, ఏది ఎక్కడిదో కాగితం మీద రాసుకో. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించు. వారంటీ ఉంటే మాత్రం అసలు విప్పకు.

వేడి బాగానే ఉందనుకో, ఇక మెమరీని పట్టుకో. కార్డు వేగాలు మార్చే ప్రోగ్రామ్ ఆఫ్టర్‌బర్నర్లో మెమరీ క్లాక్ (వేగం) 200 మెగాహెర్ట్జ్ తగ్గించి ఆడు, తగ్గకపోతే 500. తగ్గించగానే చుక్కలు మాయమైతే కార్డు మెమరీ, అదే వీర్యామ్, నీరసించిందని దాదాపు ఖాయం. ఓసీసీటీ అనే పరీక్షల ప్రోగ్రామ్‌లో వీర్యామ్ పరీక్ష పెట్టు, బాగున్న కార్డుకి ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. ఆ తగ్గించిన క్లాక్ మీదే నడుపుకోవచ్చు, గుడ్డికన్నా మెల్ల నయం. ఓవెన్లో పెట్టి కాల్చమనీ, హీట్ గన్ పట్టమనీ ఎవడైనా చెబితే మాత్రం వినకు. ఆ వేడికి పగిలిన అతుకు కాసేపు కలిసినట్టుంటుంది, మళ్లీ విడిపోతుంది, ఈలోగా బాగున్న భాగాలు కూడా చెడతాయి.

నీది కళింగపట్నం ఒడ్డున ఇల్లు కాబట్టి ఇంకో మాట. ఉప్పుగాలికి మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటూ, కార్డు అంచూ మసకబారతాయి. పవర్ ఆపి, ప్లగ్ పీకి, కార్డు బయటకు తీసి, అంచు మీద బంగారు పళ్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడువు. స్లాట్‌లో దుమ్ము పొడి బ్రష్‌తో దులుపు. ఆరాక లాక్ టిక్కుమనేదాకా నొక్కి పెట్టు. బరువైన కార్డు కిందికి వాలిపోతుంటే కింద ఆసరా పెట్టు. కంప్యూటర్‌ని కిటికీ పక్కనుంచి కూడా తీసెయ్, తుప్పు కనబడితే చాలా కంపెనీలు వారంటీ ఒప్పుకోవు.

కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్ చెడితే చుక్కలకన్నా నల్లతెర, ఉన్నట్టుండి రీస్టార్ట్ ఎక్కువ. స్లాట్ ఇచ్చేది 75 వాట్లు, ఆరు పిన్నుల కేబుల్ 75, ఎనిమిది పిన్నులది 150. కార్డుకి రెండు సాకెట్లుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరువేరు కేబుళ్లు లాగు, ఒకే కేబుల్‌కి ఉన్న రెండో తలతో సర్దెయ్యకు. హార్డ్‌డిస్కుకిచ్చే సాటా వైరు నుంచి కార్డుకి కరెంటు లాగే కన్వర్టర్ అసలొద్దు, కాలిపోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా మచ్చలు పోకపోతే కార్డు తీసుకెళ్లి ఇంకొకరి కంప్యూటర్లో పెట్టి ఆడు. అక్కడా వస్తే కార్డుదే తప్పు, మరో మాట లేదు. అప్పుడు కూడా సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోంది కదా అని ఎగబడకు. 2022 సెప్టెంబరులో కార్డులతో ఇథీరియం అనే క్రిప్టో నాణేలు సంపాదించే మైనింగ్ ఆగిపోయాక, పగలూ రాత్రీ మెమరీ ఉడికిన కార్డులు బోలెడు బజార్లోకొచ్చాయి. కొనేముందు నీ కళ్లెదుటే ఓసీసీటీ పెట్టించు.

స్క్రీన్‌షాట్‌లో మచ్చలున్నాయో లేదో, కోర్ ఎంత, హాట్‌స్పాట్ ఎంత, ఈ మూడూ ముందు రాసి పంపు. ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ ఫొటో కూడా పెట్టు, 12 వోల్టుల వరసలో ఆంప్‌లు ఎంతున్నాయో చూసి చెబుతాను.

నీ బావ