దస్తావేజులో పేరు పక్కన వాటా ఏది?

సంపాదకుడు గారికి,

భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని ఆ చుట్టుపక్కల నలుగురైదుగురు కలిసి ఎకరమో రెండెకరాలో కొనడం మామూలైపోయింది. అమరావతి వైపూ అంతే. కలిసి కొనడం తప్పు కాదు, ఒంటిచేత్తో కొనలేని ధరలవి. తంటా అంతా కాగితంతోనే. దస్తావేజులో నాలుగు పేర్లుంటాయి, ఎవరి వాటా ఎంతో ఒక్క ముక్క ఉండదు.

ఎకరం 60 లక్షల చొప్పున రెండెకరాలు అనుకోండి. నలుగురూ 48, 36, 24, 12 లక్షలు వేసుకున్నారు. సెంటు 60 వేలు పడింది గనక 80, 60, 40, 20 సెంట్లు రావాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ చెప్పేదీ అదే, వేరే ఒప్పందం లేకపోతే పెట్టినంత మేరకే వాటా. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే మాత్రం అందరివీ సమాన వాటాలే అనుకుంటుంది. అప్పుడు 12 లక్షలు పెట్టినాయన కూడా 50 సెంట్లు అడగొచ్చు. రుజువు ఎందుకుండదంటారా? ప్రభుత్వ విలువకు రిజిస్ట్రేషన్ చేయించి మిగతాది సంచుల్లో ఇస్తారు కదా! స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకుంటే ఆదాయపు పన్ను శాఖ అంతకంతా జరిమానా వేయొచ్చు. అది అమ్మినాయన తలనొప్పి. ఇచ్చినాయనకు మాత్రం కోర్టులో చూపించుకోవడానికి చీటీ ముక్క ఉండదు. అందుకే అందరి డబ్బూ ఒకరి ఖాతాలో పోగేయకుండా, ఎవరి ఖాతా నుంచి వాళ్లే అమ్మేవారికి చెల్లించి, ఆ చెక్కు నంబర్లూ సెంట్లూ దస్తావేజులోనే రాయించుకోవాలి.

ఒక్కరి పేరున కొని, మిగతావాళ్లు వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించుకోవడం ఇంకా ప్రమాదం. నోటరీ ముద్ర భూమి మీద హక్కు ఇవ్వదు. పైగా అది బినామీ అని తేలితే ఆస్తి జప్తవుతుంది. ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా ఉన్నాయి. డబ్బు నాదేనని దావా వేసే దారీ ఉండదు.

వాటాలు రాసుకున్నంత మాత్రాన పంపకం తేలిపోదు. పై రెండెకరాలే రోడ్డు వెంట 80 గజాలు, లోపలికి 121 గజాలు ఉన్నాయనుకుందాం. నిలువునా కోస్తే 20 సెంట్ల ఆసామికి వచ్చేది 24 అడుగుల వెడల్పు, 363 అడుగుల పొడుగు పట్టీ. దాన్ని ఎవరు కొంటారు? అడ్డంగా కోస్తే వెనకాయనకు దారి కావాలి. 30 అడుగుల దారి చివరిదాకా తీస్తే 25 సెంట్లు దానికే పోతాయి. ఆ కోత ఎవరి వాటాలోంచి? బయానా ఇచ్చే ముందే స్కెచ్ గీసుకోవాలి, లేదంటే విడగొట్టకుండా ఒకేసారి అమ్ముతామని రాసుకోవాలి. ఎన్నేళ్లు ఆగాలి, మధ్యలో ఒకరు తప్పుకుంటే మిగతావాళ్లు ఏ లెక్కన, ఎన్నాళ్లలో కొనాలి అన్నవి కూడా అందులోనే ఉండాలి. ఇవేవీ లేకపోతే ఎవరైనా తన ఉమ్మడి వాటాను ముక్కూమొహం తెలియని వాడికి అమ్మేయొచ్చు, చట్టం అడ్డుపడదు.

చావు మాట ఎత్తడం అశుభమని ఎవరూ అడగనిది ఇంకొకటుంది. భాగస్వామి పోయి వాటా మైనర్ పిల్లలకు వస్తే, తల్లయినా సరే కోర్టు అనుమతి లేకుండా దాన్ని అమ్మలేదు. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అలా చెబుతోంది. భూమి మొత్తం కలిపి అమ్ముదామన్నా మిగతా ముగ్గురికీ దాంతో ఆగిపోతుంది. ఎవరి వాటాకు వాళ్లు భార్య పేరునో భర్త పేరునో వీలునామా రాసుకుంటే ఈ చిక్కు చాలావరకు ఉండదు.

రిజిస్ట్రేషన్ శాఖకు ఒక్కటే విన్నపం. కొనేవారు ఒకరికి మించి ఉంటే ప్రతి పేరు పక్కన వాటా రాయడం తప్పనిసరి చేయండి, అదే వాటా ఈసీలోనూ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) అచ్చు వేయండి. భార్యాభర్తలు కలిసి కొనే ఫ్లాటుకైనా మినహాయింపు అక్కర్లేదు.

— ఒక దస్తావేజు లేఖరి, విజయనగరం