బుల్లెట్ కలకలం సరే, అసలు రూలేంటో ఎప్పుడు రాస్తారు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ పేపర్లో వచ్చిన "ఎయిర్‌పోర్టులో బుల్లెట్ కలకలం" వార్త గురించి అప్పుడే రాద్దామనుకున్నా, ఇంట్లో పెళ్లి పనులతో ఇప్పటికి తీరింది. ఇదే వార్త ఎన్నిసార్లు చదివామో, ఊరు పేరొక్కటే మారుతుంది. బ్యాగులో తూటా దొరికింది, ఎయిర్‌పోర్టు భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్లు పోలీసులకి అప్పగించారు, విచారణ జరుగుతోంది. అంతే. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో మీరు రాయరు. అయినా కలకలం ఎవరికండీ? వెనకాల లైన్లో ఉన్నోళ్లంతా బెల్టులు విప్పే హడావుడిలో ఉంటారు.

మా అమ్మాయి పిస్టల్ షూటర్. దాన్ని గచ్చిబౌలి రేంజ్‌కి తిప్పేది నేనే, పోటీలకి వేరే ఊళ్లు తీసుకెళ్లేదీ నేనే, కాబట్టి ఈ గోల నాకు బాగానే తెలుసు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ విడిభాగం కూడా తుపాకీ లెక్కే. చప్పుడు, మంట తగ్గించే సైలెన్సర్ లాంటివీ అందులోకే వస్తాయి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తూటా దొరికితే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. బానే ఉంది, 1999లో కాందహార్ హైజాక్ చూసిన దేశం మనది, తనిఖీ వద్దని ఎవడూ అనడు. కానీ అదే చట్టంలో 45వ సెక్షన్ అని ఒకటుంది, మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న చిన్న విడిభాగాలకి ఈ చట్టం వర్తించదని అందులో రాసుంది. తెలిసి దగ్గర పెట్టుకున్నాడా లేదా అన్నది చూడాలని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. ఢిల్లీ హైకోర్టు ఇలాంటి ఒక్క తూటా కేసులు ఎన్నో కొట్టేసింది కూడా. కొట్టేసేదాకా లాయరు ఫీజులూ, వాయిదాలూ, పాస్‌పోర్టు రెన్యువల్ తిప్పలూ ఎవడు పడాలి?

ఇక మా సంగతి. పది మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్‌కి, గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటకపోతే, 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్సే అక్కర్లేదు. అయినా మేం కౌంటర్లో చెప్పి, సిలిండర్లో గాలి తీసేసి, పెట్టెకి తాళం వేసి చెక్-ఇన్‌లోనే ఇస్తాం. గ్రిప్ ఒక్కటే హ్యాండ్ బ్యాగులో ఉంటుంది. గ్రిప్ అంటే ఏం లేదు, పిల్ల అరచేతికి సరిపోయేట్టు చెక్కిన చెక్కముక్క, బొటనవేలు పెట్టే చోట చెమటకి నల్లబడి ఉంటుంది, అది పగిలితే పోటీ అక్కడికక్కడే పోయినట్టే. వెళ్లేటప్పుడు ఒక ఎయిర్‌పోర్టులో దాన్ని చూసి నవ్వి వదిలేశారు. వచ్చేటప్పుడు ఇంకో ఎయిర్‌పోర్టులో "గన్ పార్ట్" అని ఆపేశారు. ఏ రూలండీ, చూపించండి అంటే "పైనుంచి ఆర్డర్ సార్". ఆ పైన ఉన్నాయనకైనా ఒక కాగితం ఉంటుంది కదా, అది మాకు చూపిస్తే అరిగిపోద్దా?

అమెరికాలో 2023లో ఎయిర్‌పోర్ట్ చెక్‌పోస్టుల్లో 6,737 తుపాకులు దొరికాయి, అందులో నూటికి తొంభై పైన లోడ్ చేసినవే. ఆ ఖర్మ మనకి లేదు, సంతోషం. కానీ డాలస్‌లో ఉండే మా బావమరిది ఫోన్లో చూపించాడు, అక్కడ ఎయిర్‌పోర్టు తనిఖీలు చూసే టీఎస్ఏ సైట్లో ఒక్కో ముక్కకీ విడిగా రాసి పెట్టారు. స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, క్యాబిన్లోకి తీసుకెళ్లొచ్చు. తూటాలు పెట్టే మ్యాగజైన్, తూటాని పేల్చే ఫైరింగ్ పిన్ క్యాబిన్లోకి కుదరదు, చెక్-ఇన్‌లోనే పెట్టాలి. అంత గన్నుల పిచ్చి ఉన్న దేశమే రాసి పెట్టుకోగలిగినప్పుడు మనవాళ్లకేం రోగం?

చేతకాక కాదండీ. 2024లో అయ్యప్ప స్వాములు ఇరుముడిలో కొబ్బరికాయ క్యాబిన్లోకి తీసుకెళ్లొచ్చని ఆ సీజన్ వరకు ఆర్డర్ ఇచ్చారు, ఏ తేదీ దాకానో కూడా రాశారు. స్వాములు ఇబ్బంది లేకుండా పోయొచ్చారు. భక్తులు చాలామంది, షూటర్ల పిల్లలు ఎంతమంది, ఓట్లు ఎన్ని! అదే మన షూటర్ గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్ నుంచి కాంస్యం తెస్తే మాత్రం శంషాబాద్‌లో దండలు పట్టుకుని అందరూ హాజరు. షూటర్ ఇషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్తే మన హైదరాబాద్ అమ్మాయి. ప్రాక్టీస్ చేసే రోజుల్లో మాత్రం ప్రతి కౌంటర్ దగ్గరా అనుమానితులు.

ఇంకో పక్క చూడండి, బరాత్‌లో గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని అదే 2019 సవరణలో ఉంది. ఫేస్‌బుక్‌లో వీడియోలు పెట్టేవాళ్లు ఎంతమంది లోపలికెళ్లారో ఎవరైనా లెక్క చెప్తారా? చుట్టూ నలుగురు గన్‌మెన్లతో తిరిగే నాయకుడికి సలాం కొట్టే చేత్తోనే మా పెల్లెట్ల (ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న గుండ్లు) డబ్బా మూత తీసి ట్రేలో బోర్లించి లెక్కపెట్టించారు. మూతలో ఇరుక్కున్న ఒక్క గుండు కూడా వదల్లేదు.

పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారి చేతిలోనే ఉంది కాబట్టి ఒక్కటే అడుగుతున్నా. స్కోప్, గ్రిప్, మ్యాగజైన్, ఖాళీ షెల్, సిలిండర్, పెల్లెట్లు, ఏది ఎక్కడ పెట్టాలో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి, లోపలికి పోయేముందే తప్పుగా తెచ్చింది అప్పజెప్పడానికి ఒక కౌంటర్ పెట్టించండి. సెల్ఫీ పాయింట్లకి దొరికిన గోడ దీనికి దొరకదా?

ఇట్లు,
ఒక షూటర్ తండ్రి, హైదరాబాద్