నీ జిమ్ము పుస్తకం చదివాను

విజయనగరం,
జనవరి 21.

చిన్నా,

పండక్కొచ్చి వెళ్తూ నీ జిమ్ము పుస్తకం మంచం మీదే వదిలేశావు. అమ్మ చిత్తుకాగితాల్లో పడేయబోతే తీసి దాచాను. దాచిన చెయ్యి ఊరుకుంటుందా? ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి, మొత్తం చదివేశాను.

నవంబరు మొదటి వారంలో బెంచ్ ప్రెస్, అదే, బల్ల మీద వెల్లకిలా పడుకుని ఎత్తే బరువు, 60 కిలోలు, ఎనిమిది సార్లు. జనవరి మొదటి వారంలోనూ 60 కిలోలే, కొట్టింది ఏడు. ఈ మధ్యలో ఛాతీకి వారానికి 12 సెట్లు (ఆగకుండా చేసే విడతలు) చేసేవాడివి 26కి వెళ్ళావు. ఆదివారం గడిలో కూడా ‘కాళ్ళు’ అని రాసి కొట్టేశావు, అంటే ఆ రోజూ వెళ్దామనే అనుకున్నావన్నమాట. పని రెట్టింపయింది, బరువు గింజంత పెరగలేదు. భోగి నాడు అటక మీది గంగాళం దించడానికి చెయ్యి లేవక నన్ను పిలిచావే, అప్పుడు నవ్వుకున్నాను. పుస్తకం చూశాక నవ్వు రాలేదు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు మేం కసరత్తు చేసే తాలింఖానా గోడ మీద కోడి రామమూర్తిగారి పటం ఉండేది. వీరఘట్టంలో పుట్టి మన విజయనగరంలో కుస్తీ నేర్చినాయన కదా, ఆ పటం కింద నిలబడితే మాకు ఒళ్ళు తెలిసేది కాదు. ఓ సాయంత్రం పందెం కట్టి ఐదొందల బస్కీలు తీశాను. మర్నాడు తొడలు ముట్టుకోనివ్వలేదు. మూడోనాడు ఒంటేలు కషాయం రంగులో వచ్చింది. తాతయ్య రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. కండ చితికి అందులోని ఎర్రటి పదార్థం మూత్రంలోకి దిగుతోందనీ, ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతినేవనీ డాక్టరుగారు చివాట్లు పెట్టి సెలైన్ ఎక్కించారు. ఆ రంగు ఎప్పుడైనా కనిపిస్తే జిమ్ము కోచ్‌ని అడగకు, ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

కండల వీరుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ రోజుకి రెండు పూటలా చేసేవాడంటావు. నిజమే. స్టెరాయిడ్లు వాడానని ఆయనే ఒప్పుకున్నాడు, అది కూడా లెక్కలో వేసుకో. ఇంగ్లండు కండల వీరుడు డోరియన్ యేట్స్ 1992 నుంచి 1997 దాకా వరసగా ఆరుసార్లు మిస్టర్ ఒలింపియా అనే కండల పోటీ గెలిచింది తక్కువ సెట్లతో, ప్రాణం పెట్టి చేసి. మందులు ఆయనా వాడాడు, కాబట్టి ఆయన పద్ధతినీ ఉన్నదున్నట్టు దించెయ్యమనను. నేను చూడమనేది ఒక్కటే: సెట్టులో కసి ఉండాలి, సెట్ల సంఖ్యలో కాదు.

బరువెత్తిన కండలో మరమ్మతు ఒకటి రెండు రోజులు నడుస్తుంది. సోమవారం ఛాతీ చేసి మంగళవారం మళ్ళీ దాన్నే కదిపితే తడి ఆరని గోడ మీద ఇంకో వరస ఇటుక పేర్చినట్టే. వారానికి నాలుగు రోజులు చాలు. ఒక్కో కండకి రెండుసార్లు, మధ్యలో 48 గంటల ఎడం, వారం మొత్తానికి 10 నుంచి 14 సెట్లు. ఇంకొక్కటో రెండో కొట్టగలను అనిపించినప్పుడు ఆపు. పక్కన పట్టుకునేవాడు లేకుండా బెంచ్ మీద ఆఖరి ఊపిరిదాకా వెళ్ళకు. ఆరేడు వారాలకోసారి ఒక వారం సెట్లు సగం చెయ్యి. ఆ వారం నీకు చేతులు దురద పెడతాయి, తెలుసు. ఓర్చుకో. నొప్పి రాలేదంటే పని జరగలేదనీ అనుకోకు, అలవాటైన ఒంటికి నొప్పి తగ్గుతుంది.

అసలు నేరం మాత్రం నీ నిద్రది. ఆ అమెరికా కాల్స్ అయ్యాక రెండింటికి పడుకుని ఆరున్నరకి జిమ్ములో ఉంటున్నావు. ఏడు గంటలు పడుకోని రోజు ఇనుము ముట్టుకోవద్దు. లేకపోతే సాయంత్రానికి మార్చుకో. పొద్దున్న లేస్తూనే మంచం మీద నాడి చూసుకో. రోజూ ఉండేదానికంటే నిమిషానికి ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటుంటే, ఒంట్లో నలత లేదనుకున్నా సరే, ఆ రోజు నడక చాలు.

తిండి సంగతి అమ్మ రాస్తానంటోంది గానీ నేనే రాస్తాను, తనైతే నాలుగు పేజీలు రాస్తుంది. 70 కిలోల ఒంటికి రోజుకి 110 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డుకి ఆరు గ్రాములే వస్తాయి. హాస్టలు సాంబారులో పప్పు ఎంతుంటుందో నాకన్నా నీకే బాగా తెలుసు.

పుస్తకం రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను, నువ్వుండల డబ్బాతో పాటు. ప్రతి పేజీలో ఎడమ పక్క ఒక గీత గీశాను. అందులో ఎన్ని గంటలు పడుకున్నావో రాయి. ఉగాదికి వచ్చినప్పుడు చూస్తాను.

నాన్న